వెనక కూర్చున్న బండిని లేపడం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసి మోసి మా పాత బండి వెనక కూర్చుండిపోయింది. షాక్ అబ్జార్బర్లు మారిస్తే లేస్తుందంటారు. లేవదు, డబ్బులు పోయాక తెలిసింది. బరువు మోసేది కమాన్ పట్టీలు, అంటే ఇరుసు దగ్గర ఒకదానిమీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు.

ఖాళీ బండిని చదునైన చోట ఆపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా టేపుతో కొలవండి. ఒకవైపే తక్కువుంటే అక్కడ పట్టీ విరిగిందేమో చూడండి. మాదాంట్లో పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్ట్ దగ్గర వెంట్రుకంత పగులు, మట్టి గీకితేగానీ కనపడలేదు.

పట్టీలు బాగుంటే రెండువైపులా ఒక్కోటి అదనంగా వేయించండి. పాతవాటికే వంపు కొట్టించడం చవకే, కానీ త్వరగా మళ్లీ దిగుతుంది. గ్యాస్‌తో కాల్చి వంచుతానంటే అసలు ఒప్పుకోవద్దు, ఉక్కుకున్న స్ప్రింగు గుణం పోతుంది. పట్టీలను ఇరుసుకు బిగించే యూ-బోల్టులు మాత్రం కొత్తవే వేయించండి. పట్టీల చివర్లను బండికి కలిపే బుష్ బోల్టులను బండి చక్రాల మీద దిగాకే పూర్తిగా బిగించాలి. 500 కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మరోసారి బిగించాలి.