యాక్సెస్‌లో ఒక ఫైల్ ఫారం ఇంకో ఫైల్‌లోకి

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో, ఒక ఫైల్‌లో గంటలు కూర్చొని బిల్లింగ్ ఫారం (వివరాలు నింపే తెర) డిజైన్ చేశారా? కొత్త ఫైల్ కోసం మళ్ళీ మొదట్నుంచి గీయక్కర్లేదు. రెండు ఫైళ్ళనూ వేరువేరు విండోల్లో తెరిచి, ఎడమవైపు నావిగేషన్ పేన్‌లో ఫారం పేరు మీద కంట్రోల్ సి, రెండో విండోలో కంట్రోల్ వి. అంతే. ఎక్కువ ఫారాలుంటే ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసుకోవడం మేలు.

అసలు తిప్పలు ఆ తర్వాతే. ఫారంతో పాటు దాని వెనకున్న టేబుల్ (డేటా దాచే పట్టిక), క్వెరీ (ఆ డేటా నుంచి కావాల్సింది ఏరి తెచ్చేది) రావు. సబ్‌ఫారం (ఫారం లోపల ఇమిడ్చిన ఇంకో ఫారం) కూడా రాదు, దాన్ని విడిగా తెచ్చుకోవాలి. నేను మొదటిసారి ఇది మర్చిపోయి, స్క్రీన్ మధ్యలో తెల్లటి ఖాళీ డబ్బా చూస్తూ చాలాసేపు బుర్ర గోక్కున్నాను. బాక్సుల్లో #నేమ్? అని కనిపిస్తే కంగారొద్దు, ఫీల్డ్ (టేబుల్‌లోని నిలువు వరుస) పేరు కలవలేదన్నమాట. పాత ఫైల్‌లో 'కస్టమర్‌ఐడీ', కొత్తదాంట్లో 'కస్ట్‌ఐడీ' ఉంటే అంతే మరి. ప్రాపర్టీ షీట్‌లో కంట్రోల్ సోర్స్ (ఆ బాక్సు ఏ ఫీల్డ్ నుంచి డేటా తీసుకోవాలో చెప్పేది) మార్చండి.

టేబుల్ డేటా లేకుండా నిర్మాణం మాత్రమే కావాలంటే, ఇంపోర్ట్ విండోలో ఆప్షన్స్ నొక్కి 'డెఫినిషన్ ఓన్లీ' ఎంచుకోండి. పాత కస్టమర్ల చిట్టా కొత్త ఫైల్‌లోకి రాదు.