గల్ఫ్‌కు వెళ్లే కోచ్ తమ్ముళ్లకు: టైమ్ అవుట్ సంగతి

మొన్న కాజీపేట తమ్ముడొకడు దుబాయ్ నుంచి వీడియో పంపాడు. అక్కడ బాస్కెట్‌బాల్ అకాడమీలో చేరి ఐదు వారాలైంది. పదహారేళ్ల లోపు పిల్లల మ్యాచ్. కింద ఒక మెసేజ్: "అన్నా, వీళ్లు నా మాట వింటలేరు."

హన్మకొండ స్టేడియం మెట్ల మీద కూర్చుని, అందులో ఒక్క టైమ్ అవుట్‌నే, అంటే ఆట ఆపించి కోచ్ పిల్లలతో మాట్లాడే ఆ కాసేపునే, నాలుగుసార్లు చూశాను. తమ్ముడు నోరు తెరిచాక ఆపలేదు. డిఫెన్స్, రీబౌండ్, పాసింగ్, మళ్లీ డిఫెన్స్. మొదట ఇంగ్లిష్, టెన్షన్ పెరిగేకొద్దీ హిందీ. ఒక పిల్లాడు వంగి లేసు కట్టుకుంటున్నాడు. ఇంకొకడు స్కోర్‌బోర్డు చూస్తున్నాడు. హారన్ మోగింది. తమ్ముడి చేతిలో, ఆట గీసి చూపించే చిన్న బోర్డు మీద ఒక్క గీత కూడా లేదు.

కాగితాల గురించి ఎక్కువ రాయను. విజిట్ వీసా మీద పనిలో దిగొద్దు, డిగ్రీ అసలైనదేనని అటెస్టేషన్ చేయించుకో, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా ఉంచొద్దు. జగిత్యాల, కరీంనగర్ వైపు ఏ ఊళ్లో అడిగినా ఇవి చెప్తారు. కోచ్‌లకు మాత్రం ఇంకోటి ఉంది. గంటల లెక్కన జీతం అంటే జులై, ఆగస్టులో ఎంత ఇస్తారో రాయించుకో. బడులకు సెలవులిస్తే పిల్లలు వాళ్ల దేశాలకు వెళ్లిపోతారు, క్లాసులుండవు. నేను అక్కడికి కోచ్‌గా వెళ్లినప్పుడు అడగలేదు. ఆ రెండు నెలలూ అప్పు తెచ్చుకుని తిన్నాను.

ఇక అసలు విషయం. ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా రూల్ ప్రకారం టైమ్ అవుట్ ఒక నిమిషం. 50 సెకన్లకే హెచ్చరిక హారన్ మోగుతుంది. పిల్లలు నడిచొచ్చి నీళ్ల సీసా మూత తీసేసరికి పది పోతాయి. మిగిలేది నలభై. మొదటి సగంలో రెండు టైమ్ అవుట్‌లు, రెండో సగంలో మూడు. మ్యాచ్ మొత్తానికి నీ చేతిలో ఉన్నది మూడు నిమిషాల ఇరవై సెకన్లు, అంతే. అందులో ఆట మొత్తం చెప్పేద్దామనుకుంటే ఎట్లా తమ్మీ?

మన దగ్గర కోచ్ మ్యాచ్ పొడుగునా అరుస్తూనే ఉంటాడు. "రేయ్, వెనక్కి!" అంటే ఐదుగురూ పరుగెత్తుతారు. మన గొంతు వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. అక్కడ నా మొదటి టీమ్‌లో ఇద్దరు ఫిలిప్పీన్స్ పిల్లలు, ఒక లెబనాన్ అబ్బాయి, ఒక సెర్బియా అబ్బాయి, ఒక మలయాళీ. చివరి నిమిషంలో నా నోటి నుంచి "వెనక్కి!" అని తెలుగే వచ్చింది. లెబనాన్ అబ్బాయి ఉన్నచోటే ఆగి, ఏమిటన్నట్టు నా వైపు తిరిగాడు. వాడు ఆపాల్సిన ఆటగాడు వాడి వెనక నుంచే వెళ్లి బంతి వేసేశాడు. ఆ రెండు పాయింట్లతోనే ఓడిపోయాం. తర్వాతి వారం నన్ను చిన్నపిల్లల బ్యాచ్‌కు మార్చారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందనే చెప్పాను.

అందుకే చెప్తున్నా. ప్రాక్టీసులోనే టీమ్ అందరికీ అర్థమయ్యే పది మాటలు ఖాయం చేసుకో. వాటినే మ్యాచ్‌లో వాడు. టైమ్ అవుట్‌లో మొదటి పది సెకన్లు మాట్లాడకు, వాళ్లను ఊపిరి తీసుకోనివ్వు. తర్వాత డిఫెన్స్‌కు ఒక మాట, ఎటాక్‌కు ఒక మాట, బంతి ఎవరి చేతికి వెళ్లాలో ఒక పేరు. దాన్ని బోర్డు మీద గీయి. చివర్లో ఒక పిల్లాణ్ని "ఇప్పుడు ఏం చేస్తున్నాం?" అని అడుగు. వాడు చెప్పలేకపోతే నువ్వు చెప్పనట్టే లెక్క. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రోజూ ఒంటరిగా సాధన చెయ్యి. బిల్డింగ్ టెర్రస్ మీద నేను రెండు నెలలు అదే చేశాను.

సెర్బియా కోచ్ జెల్కో ఒబ్రడోవిచ్ ఐదు క్లబ్బులతో తొమ్మిదిసార్లు యూరోలీగ్, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ, గెలిచాడు. 1992లో బెల్‌గ్రేడ్ క్లబ్బు పార్టిజాన్‌తో మొదలై, స్పెయిన్, గ్రీస్ దాటి 2017లో టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచే దాకా. దేశం మారినప్పుడల్లా బెంచ్ మీద కొత్త భాష, చేతిలో అదే ఒక్క నిమిషం. మన భారత జట్టు సంగతే చూడు. 2014లో వూహాన్‌లో చైనాను ఓడించినప్పుడు కోచ్ స్కాట్ ఫ్లెమింగ్, అమెరికా మనిషి. మన పిల్లల ఇళ్లలో మాట్లాడే భాష ఆయనది కాదు.

సరే, ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. కోర్టు అక్కడా 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పే. రింగు 3.05 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. నువ్వు నేర్చుకున్న ఆట ఎక్కడికీ పోదు. నాకు ఐదో నెలలో పాత బ్యాచ్ తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత మూడు దేశాల్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. కుదురుకోవడానికి నీకు ఐదు నెలలు పట్టకపోవచ్చు కూడా.

కాజీపేట తమ్ముడికి నిన్న ఫోన్‌లో ఇదే చెప్పాను. శనివారం మళ్లీ మ్యాచ్ ఉందట. ఆట మొత్తం వద్దు, టైమ్ అవుట్‌లు మాత్రం కట్ చేసి పంపమన్నాను.