పరాయి భాష నోటికి రావాలంటే: పరిశోధనల ఫలితాలను రోజువారీ సాధనలోకి తెచ్చుకునే పద్ధతి

పదాల జాబితాను రెండుమూడుసార్లు తిరగేస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. మర్నాడు మాట్లాడబోతే వాటిలో ఒక్కటీ నోటికి రాదు. ఇది మతిమరుపు కాదు. చూసి గుర్తుపట్టడం ఒక పని, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరే పని. మొదటిదాన్ని ఎంత సాధన చేసినా రెండోది దానంతటది రాదు.

దీన్ని బాగా చూపించిన ప్రయోగం 2008లో జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ చేసినది. విద్యార్థులకు 40 స్వాహిలీ పదాలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చారు. ఒక పదాన్ని ఒకసారి సరిగా చెప్పాక, కొందరికి దాన్ని చదవడానికి ఇవ్వకుండా పదే పదే అడుగుతూ పోయారు. మరికొందరికి అడగడం మానేసి పదే పదే చదివించారు. వారం తర్వాత చూస్తే మొదటివాళ్ళకు 80 శాతం గుర్తుంది, రెండోవాళ్ళకు 36 శాతమే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే అన్ని గుంపులవాళ్ళూ దాదాపు సగం అనే చెప్పారు. అంటే, చదివేటప్పుడు కలిగే 'వచ్చేసింది' అనే భావనను నమ్మి సాధన నడపకూడదు. కింద చెప్పే పద్ధతులన్నీ చేసేటప్పుడు కాస్త కష్టంగానే ఉంటాయి. ఆ కష్టం వల్లే అవి పనిచేస్తాయి.

ముందు గంటల లెక్క

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ చాలా ఏళ్ళు ఇచ్చిన అంచనా ప్రకారం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి స్పానిష్, ఫ్రెంచ్ లాంటి భాషలు వృత్తికి సరిపడా రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడతాయి. అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్‌లకు 2,200 గంటలు. తెలుగువారికి ఈ వరుస ఇలాగే ఉండనక్కర్లేదు. జపనీస్, కొరియన్ వాక్యాల్లో మనలాగే క్రియ చివరికొస్తుంది, విభక్తుల్లాంటివి నామవాచకం వెనకే చేరతాయి. లిపి, పదాల భారం మాత్రం మనకూ తప్పదు. ఇక్కడ గ్రహించాల్సింది లెక్క వందల గంటల్లో ఉంటుందనే. రోజుకు గంట చొప్పున 600 గంటలంటే 20 నెలలు. అందుకే నెలలు కాక గంటలు రాసి పెట్టుకోండి. ఆదివారం ఒక్కరోజే ఏడు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఒక గంట మేలు. ఎందుకో పునశ్చరణ దగ్గర చూద్దాం.

వయసు గురించి భయపడేవారికి ఒక మాట. చిన్నప్పుడు మొదలుపెట్టినవారు చివరికి చేరే స్థాయి ఎక్కువగా ఉంటుందన్నది నిజమే. కానీ నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్ వారిపై కేథరిన్ స్నో, మరియన్ హోఫ్నాగెల్-హోలె 1978లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి నెలల్లో వేగంగా ముందుకెళ్ళింది పసిపిల్లలు కాదు, 12–15 ఏళ్ళవారు, పెద్దవారు. 'నాది కళ్ళతో నేర్చుకునే రకం, చెవులతో నేర్చుకునే రకం' అనే విభజనను కూడా పక్కన పెట్టండి. ఆ రకాన్ని బట్టి బోధిస్తే ఫలితం పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది.

గంటను ఎలా పంచాలి

న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ చెప్పిన పంపకం సులువైనది: అర్థం కోసం వినడం–చదవడం, అర్థం కోసం మాట్లాడడం–రాయడం, పదాలనూ వ్యాకరణాన్నీ ప్రత్యేకంగా నేర్చుకోవడం, వచ్చినదాన్నే వేగంగా వాడడం. నాలుగింటికీ సమాన సమయం, అంటే 15 నిమిషాల చొప్పున. మొదటి రెండు నెలలు మాత్రం దీన్ని కాస్త సడలించి పదాలకు 25, వినడానికి 25, మాట్లాడడానికి 10 నిమిషాలు ఇవ్వడమే మంచిది. చేతిలో 300 పదాలైనా లేకుండా వేగం సాధించాలనుకుంటే నేర్చుకునేది తప్పులే.

పదాలు

ఎక్కువ వాడుకలో ఉన్న పదాలతో మొదలుపెట్టండి. ఇంగ్లిష్‌లో అత్యధికంగా వాడే మొదటి 1,000 పద కుటుంబాలు (ఒక మూల పదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) మామూలు రచనల్లో సుమారు 80 శాతాన్ని కవర్ చేస్తాయి. నిఘంటువు లేకుండా హాయిగా చదవాలంటే 98 శాతం తెలియాలి, దానికి 8,000–9,000 కుటుంబాలు కావాలని నేషన్ 2006లో లెక్కగట్టారు. అంటే మొదటి వెయ్యి పదాలు ఇచ్చే లాభం తర్వాతి ఏ వెయ్యీ ఇవ్వదు. రోజుకు 10 కొత్త పదాలు తీసుకుంటే 2,000 పదాలు 200 రోజుల్లో పూర్తవుతాయి.

పాఠ్యపుస్తకాలు రంగులన్నీ ఒక పాఠంలో, శరీర భాగాలన్నీ ఇంకో పాఠంలో ఇస్తాయి. కంటికి ముచ్చటగా ఉంటుంది కానీ బుర్రలో అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇలా ఒకే కోవకు చెందిన పదాలను ఒకేసారి నేర్చుకుంటే ఎక్కువ సమయం పడుతుందని 1990లలో థామస్ టింకమ్ చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి పాఠంలోంచి ఒకటి రెండు రంగులు తీసుకుని మిగతావి వేరే రోజులకు వదలండి. వ్యతిరేక పదాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 'ఎడమ'ను గట్టిగా పట్టుకున్నాక, రెండు వారాల తర్వాతే 'కుడి'ని తీసుకోండి. రెండూ ఒకే రోజు నేర్చుకుంటే ఏది ఏదో ఏళ్ళ తరబడి తడుముకోవాల్సి వస్తుంది.

ఒకవైపు పదం, వెనకవైపు అర్థం ఉండే కార్డులు చేసుకోండి. కార్డు కాగితమైనా, ఫోన్‌లో యాప్ అయినా తయారీ ఒకటే. ఒక కార్డుకు ఒకే అర్థం. పదంతో పాటు అది సహజంగా వచ్చే మూడు నాలుగు మాటల పదబంధం. నామవాచకాలకు లింగముండే జర్మన్, ఫ్రెంచ్ లాంటి భాషల్లో లింగాన్ని సూచించే మాటను కలిపే రాసుకోండి, విడిగా తర్వాత నేర్చుకుందామంటే రాదు. మొదటి మూడు నాలుగు రోజులు పరభాష పదం చూసి అర్థం చెప్పండి. తర్వాత తిప్పేసి అర్థం చూసి పదం చెప్పండి. మాట్లాడేటప్పుడు కావలసింది ఈ రెండోదే. వెనక్కి తిప్పే ముందు ఐదు నుంచి పది సెకన్లు ఆగి, పైకి పలకండి. 'తెలుసులే' అనుకుని తిప్పేస్తే అది మళ్ళీ చదవడమే, గుర్తు తెచ్చుకోవడం కాదు. కట్టను ప్రతిసారీ కలపండి. లేకపోతే వరుసే ఆధారమై, ముందు కార్డు చూడగానే తర్వాతి పదం గుర్తుకొస్తుంది.

ఇక ఎడం. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాలను తానే వల్లెవేసి, ఎంత వేగంగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించినప్పటి నుంచి ఇది పదే పదే రుజువైంది. పునశ్చరణల మధ్య విరామం ఉంటేనే జ్ఞాపకం నిలుస్తుంది. ఎంత విరామం అన్నది ఎంతకాలం గుర్తుండాలన్నదాన్ని బట్టి ఉంటుంది. నికొలస్ సెపెడా బృందం 2008లో చూపినదాని ప్రకారం వారం గుర్తుండాలంటే ఒకటి రెండు రోజుల ఎడం, ఏడాది గుర్తుండాలంటే సుమారు మూడు వారాల ఎడం మంచి ఫలితమిచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ బారిక్ కుటుంబంలో నలుగురు తమ మీదే తొమ్మిదేళ్ళు ప్రయోగం చేసుకున్నారు. ఒక్కొక్కరూ 300 విదేశీ పదాలు. 56 రోజుల ఎడంతో 13 సార్లు చేసిన పునశ్చరణ, 14 రోజుల ఎడంతో 26 సార్లు చేసినదానికి సమానమైన ఫలితాన్నిచ్చింది. సగం శ్రమే. అయితే ఎడం పెరిగిన కొద్దీ నేర్చుకునే దశలో మరపు ఎక్కువైంది. ఇక్కడే చాలామంది బెంబేలెత్తి మళ్ళీ రోజూ చదవడం మొదలుపెడతారు.

ఆచరణలో ఈ మెట్లు సరిపోతాయి: 1, 3, 7, 16, 35, 80 రోజులు. మరచిపోయిన కార్డు మళ్ళీ 1వ రోజుకు వెళుతుంది. రోజుకు 10 కొత్తవైతే కొన్ని నెలల్లో పునశ్చరణ రోజుకు 60 కార్డులకు చేరుతుంది, మరచినవి అదనం. ఐదింటిలో ఒకటి కంటే ఎక్కువ తప్పుతుంటే కొత్త పదాలను ఐదుకు తగ్గించండి. నాలుగైదుసార్లు వెనక్కొచ్చిన మొండి పదం ఉంటే, కార్డునే మార్చాలి. దాని శబ్దాన్ని పోలిన తెలుగు మాటను పట్టుకుని, ఆ మాటనూ అర్థాన్నీ కలిపి ఒక బొమ్మ ఊహించుకోండి. రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రా 1975లో రష్యన్ పదాలతో పరీక్షించి ఫలితం చూపిన పద్ధతి ఇది. ప్రతి పదానికీ చేస్తే సమయం చాలదు, మొండివాటికే వాడండి.

వినడం, చదవడం

రచన మీ స్థాయికి తగినదో కాదో తేల్చడానికి ఏదో ఒక పేజీలో 100 పదాలు లెక్కపెట్టండి. తెలియనివి రెండు లోపుంటే ఆగకుండా చదువుకుంటూ పోవచ్చు. మూడు నుంచి ఐదు ఉంటే నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాల్సిన పాఠం. ఐదు దాటితే పక్కన పెట్టండి. అది పట్టుదల చూపించే చోటు కాదు. చుట్టూ ఉన్న మాటలు తెలియనప్పుడు కొత్త మాట అర్థాన్ని సందర్భాన్ని బట్టి ఊహించడం కుదరదు.

వినడానికి ఒకటి రెండు నిమిషాల ఆడియో, దాని లిఖిత రూపం కావాలి.

1. రాతప్రతి చూడకుండా రెండుసార్లు వినండి.
2. వాక్యం వాక్యం ఆపుతూ విన్నది రాయండి.
3. అసలుతో పోల్చి, తప్పిన ప్రతి చోటా కారణం గుర్తించండి: పదమే తెలియదా, తెలిసిన పదాన్నే చెవి పట్టుకోలేదా?
4. రాతప్రతి మూసి మళ్ళీ వినండి. మూడు రోజుల తర్వాత ఇంకోసారి.

మూడో మెట్టే అన్నిటికంటే విలువైనది. పదం తెలియకపోతే కార్డు రాసుకుంటే సరిపోతుంది. తెలిసిన పదమే వినబడకపోతే, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం అలవాటు కాలేదన్నమాట. మనం తెలుగు సంధుల్లో చేసేదే వాళ్ళూ చేస్తారు, వేరే సూత్రాలతో. ఆ ముక్కను మాత్రం పది సార్లు విని, అదే వేగంతో పలకండి. తెలుగు సబ్‌టైటిళ్ళు పెట్టుకుంటే కళ్ళు తెలుగు చదువుతాయి, చెవికి పనుండదు. ఆ భాషలోనే పెట్టుకోండి.

ఉచ్చారణ

పలకడం రాని ధ్వనికి మూలం చాలాసార్లు చెవిలో ఉంటుంది. వినడంలో తేడా తెలియకపోతే నాలుకను ఎంత తిప్పినా లాభం లేదు. ఇంగ్లిష్‌లో ద్రాక్ష తీగకూ (vine), ద్రాక్షతో చేసే మద్యానికీ (wine) మొదట్లో వేరు వేరు హల్లులున్నాయి. తెలుగులో రాస్తే రెండూ 'వైన్'. పరభాష పదాలను తెలుగు లిపిలో రాసి నేర్చుకోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రాసిన క్షణమే తేడా పోతుంది.

ఇంగ్లిష్ 'ర', 'ల'ల తేడా వినబడని జపనీయులకు 1991లో లోగన్, లైవ్లీ, పిసోని ఇచ్చిన శిక్షణ ఇక్కడ దారి చూపుతుంది. ఒకే ధ్వని తేడా ఉన్న జంట పదాలను పలువురి గొంతుల్లో, పదంలో వేర్వేరు స్థానాల్లో వినిపించి, ఏది విన్నారో చెప్పించి, తప్పో ఒప్పో వెంటనే తెలియజేశారు. గుర్తించడం మెరుగైంది. ఇంట్లో చేయాలంటే మీకు గందరగోళంగా ఉన్న తేడాకు 10 జంటలు ఎంచుకుని, ఆన్‌లైన్ నిఘంటువుల్లోంచి కనీసం నాలుగు గొంతులు సేకరించి, కలిపి, రోజుకు 10 నిమిషాల చొప్పున మూడు వారాలు వినండి. ఒకే గొంతుతో చేస్తే ఆ మనిషి గొంతు అలవాటవుతుంది, ధ్వని కాదు. మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. జపనీస్‌లో హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ అర్థాన్ని మారుస్తాయి, తెలుగు చెవికి అది కొత్త కాదు.

మాట్లాడడం, తప్పులు

అర్థమయ్యేది తగినంత వింటే, చదివితే చాలు, భాష అదే వస్తుందని స్టీఫెన్ క్రాషెన్ 1980లలో వాదించారు. కానీ కెనడాలో ఏళ్ళ తరబడి ఫ్రెంచ్‌లోనే చదువుకున్న ఇంగ్లిష్ పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వేన్, వాళ్ళకు గ్రహణశక్తి బాగా ఉన్నా మాట్లాడడంలో వ్యాకరణం వెనకబడే ఉందని 1985లో చూపారు. మాట్లాడబోయినప్పుడే ఏది రాదో తెలుస్తుంది.

వేగానికి 4–3–2 సాధన చేయండి. బాగా తెలిసిన ఒక విషయాన్ని నాలుగు నిమిషాలు చెప్పండి, అదే విషయాన్ని ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. మనుషులు దొరక్కపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మొదటిసారి ఏం చెప్పాలన్నదాని మీదే ధ్యాసంతా పోతుంది, మూడోసారికి అది మాటల మీదికి మళ్ళుతుంది. ముందే రాసుకుని అప్పజెప్పినా, ప్రతిసారీ విషయం మార్చినా దీని ప్రయోజనం పోతుంది.

తప్పులు దిద్దేవారికి ఒక సూచన ముందే చెప్పండి. 1997లో లిస్టర్, రాంటా తరగతి గదులను పరిశీలిస్తే, ఉపాధ్యాయులు తప్పు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా విద్యార్థి తప్పు వాక్యాన్ని తామే సరిచేసి పలికి ముందుకు సాగిపోయారు. విద్యార్థి తానుగా సరిచేసుకునేలా చేయడంలో ఆ పద్ధతి బాగా వెనకబడింది. అందుకని 'సరైనది చెప్పకండి, ఆపండి, నేనే ప్రయత్నిస్తాను' అని అడగండి. ఒక వారానికి ఒకే రకం తప్పు. సూత్రం తెలిసి కూడా మాటల్లో జారిపోయే అంశాల మీద నెలల తరబడి కసరత్తు చేయకండి. కొన్ని వ్యాకరణ రూపాలు ఎంత త్వరగా నేర్పినా ఆలస్యంగానే మాటల్లోకి వస్తాయి.

ప్రయాణమో, పరీక్షలో వచ్చి సాధన నెలల పాటు ఆగిపోతే కట్టను మొదటి నుంచి మొదలుపెట్టకండి. పోయిందనుకున్నది మళ్ళీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే తక్కువ సమయం పడుతుందని ఎబ్బింగ్‌హౌస్ లెక్కల్లోనే ఉంది. కొత్త పదాలు ఆపి, రోజుకు 50 పాత కార్డుల చొప్పున ఒక్కొక్కదాన్నీ ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి. చెప్పగలిగినవాటిని 16 రోజుల మెట్టులో, మిగతావాటిని 1వ రోజులో పెట్టండి. మొత్తం కట్ట ఒక చుట్టు పూర్తయ్యాకే మళ్ళీ కొత్తవి తీసుకోండి, మొదటి వారం రోజుకు ఐదు.