సంక్రాంతికి ఊరెళ్తున్నారా? ఆఫీసు తాళాల సంగతీ చూడండి

ఏటా పండగ ముందు పోలీసులు చెప్పే మాటే. ఊరెళ్తుంటే పక్కింటివాళ్లకు చెప్పండి, నగలు ఇంట్లో ఉంచకండి అని. జనం వింటారు కూడా. ఇంటికి రెండు తాళాలేసి గొళ్లెం లాగి చూసుకునే ఆ పెద్దమనిషే ఆఫీసులో మాత్రం డీఎస్‌సీ డాంగిల్ (డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది), నెట్ బ్యాంకింగ్ టోకెన్ జూనియర్ చేతిలో పెట్టి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి బస్సెక్కుతాడు.

ఎందుకిస్తాడో నాకు తెలుసు. నేనొక మధ్యతరహా కంపెనీలో ఐటీ చూసుకుంటాను. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20. పండగ సరిగ్గా మధ్యలో పడుతుంది. సంతకం చేయాల్సినాయన కోనసీమలో ఉంటాడు, పని ఆగకూడదు. 'మనవాడేలే' అని ఇచ్చేస్తారు. మనవాడే, కాదనట్లేదు. కానీ పేమెంట్ ఎంటర్ చేసేదీ, అప్రూవ్ చేసేదీ ఒక్కడే అయితే బ్యాంకు పెట్టిన మేకర్ (ఎంటర్ చేసేవాడు), చెకర్ (అప్రూవ్ చేసేవాడు) ఏర్పాటు ఎందుకు? రేపు ఏదైనా తేడా వస్తే ఆ కుర్రాడే ఇరుక్కుంటాడు. సెలవు పెట్టే చెకర్ బదులు ఇంకొకరిని బ్యాంకులో నమోదు చేయించండి. దానికి బోర్డు తీర్మానం, కేవైసీ కాగితాలు అడుగుతారు, రోజులు పడుతుంది. కాబట్టి భోగి రేపనగా కాదు, డిసెంబరులోనే మొదలుపెట్టాలి.

దొంగలు మనకంటే బాగా క్యాలెండర్ చూస్తారు. 2016 ఫిబ్రవరి 4 గురువారం రాత్రి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లోని బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు పంపమంటూ బ్యాంకుల మధ్య సందేశాలు నడిచే స్విఫ్ట్‌ నెట్‌వర్క్‌లో దొంగ ఆదేశాలు వెళ్లాయి. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. ఆ లావాదేవీలను అచ్చువేసే ప్రింటర్ పనిచేయలేదు. ప్రింటర్ మొరాయించడం మామూలేగా అనుకుని వదిలేశారు. సంగతి అర్థమై న్యూయార్క్‌ను అందుకోబోతే అక్కడ వారాంతం. సోమవారం, డబ్బు వెళ్లిన మనీలా బ్యాంకుకు ఆపమని సందేశం పంపితే అక్కడ చైనా కొత్త సంవత్సరం సెలవు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరాయి, చాలావరకు కేసినోల్లో కలిసిపోయాయి.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. పుణేలోని కాస్మోస్ బ్యాంకు నుంచి రూ.94 కోట్లు కొట్టేసిన దాడి మొదలైంది 2018 ఆగస్టు 11న, అంటే బ్యాంకులుండని రెండో శనివారం నాడు. 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ బ్యాంకు నుంచి రూ.12 కోట్లకు పైగా పోయాయి. ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ (అసలువాటిలా కనిపించే దొంగ) మెయిళ్ల ద్వారానే లోపలికి చొరబడ్డారని పోలీసులు తేల్చారు.

ఢాకా కథలో నన్ను పట్టి ఉంచేది హ్యాకర్ల తెలివి కాదు. ప్రింటర్ దగ్గర నిలబడ్డ మనిషి. ఏదో తేడాగా ఉందనిపిస్తే ఎవరికి చెప్పాలి? పై అధికారి దొరక్కపోతే ఆపెయ్యమనే హక్కు ఎవరికుంది? గవర్నెన్స్ అనే పెద్ద మాటకు నాకు అర్థమైంది ఇంతే, ఈ జవాబులు ముందే కాగితం మీద ఉండటం. రిసెప్షన్‌లో సమాచార భద్రతకిచ్చే ఐఎస్‌ఓ 27001 సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి, ఈ కాగితం లేని ఆఫీసులు కూడా చూశాను.

మా దగ్గరా ఓసారి భోగి నాడు అకౌంట్స్ అమ్మాయికి మెయిల్ వచ్చింది. 'బ్యాంకు ఖాతా మారింది, పండగ ముందే సర్దేయండి ప్లీజ్' అని, ఎప్పటి నుంచో సరుకిచ్చే సప్లయర్ పేరుతో. లోగో అదే, కింద సంతకం అదే. అడ్రసులో మాత్రం 'ఎమ్' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' అక్షరాలు పక్కపక్కన ఉన్నాయి. చిన్న ఫాంటులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ అమ్మాయి కళ్లకూ కనపడలేదు. ఆపింది వేరే సంగతి. ఖాతా మార్పు అంటే పాత బిల్లు మీదున్న నంబరుకే ఫోన్ చేసి అడగాలని మేం రాసుకున్నాం. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే దొంగే ఎత్తుతాడు, 'అవునమ్మా, నేనే' అంటాడు.

ఇక మిగతావి. బ్యాకప్ తీసిన డిస్కును సర్వర్ నుంచి పీకేసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) దాన్నీ లాక్ చేస్తుంది. పెట్టేముందు అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. మానేసిన ఉద్యోగుల లాగిన్లు తీసేయండి. 2021లో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది వాడుకలో లేని ఒక వీపీఎన్ ఖాతా (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) వల్లే, దానికి ఓటీపీలాంటి రెండో తాళమే లేదు. సర్వర్ అప్‌డేట్లుంటే వారం ముందే చేసేయండి, బయల్దేరే సాయంత్రం ముట్టుకోవద్దు. సెలవులో ఉన్నామని వెళ్లే ఆటో రిప్లైలో తేదీలు, ఎవరెక్కడున్నారన్నవి బయటివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఏదైనా జరిగితే? డబ్బు పోయిందనిపించిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్. ఎండీ గారిని అడిగి చేద్దాం అనుకునేలోపు ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటేస్తుంది. సిస్టమ్‌లోకి ఎవరో చొరబడ్డారని తెలిస్తే 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలున్నాయి. పండక్కి ఆ గడువు ఆగదు. లాగ్‌లు (సిస్టమ్‌లో ఎవరెప్పుడు ఏం చేశారో రాసుకునే రికార్డులు) 180 రోజులవి ఉంచాలి కాబట్టి, జాగా చాలట్లేదని ఎవరూ చెరిపేయకుండా చూడండి.

ఎవరెవరికి ఫోన్ చేయాలో ఆ జాబితాను ప్రింట్ తీసి సెక్యూరిటీ గార్డు టేబుల్ మీద కూడా అంటించండి. సర్వర్ పడిపోతే సర్వర్‌లో ఉన్న జాబితా ఎవరికీ దొరకదు. మా జాబితాలో నా పేరు ఎదురుగా రెండు నంబర్లుంటాయి. మా ఊళ్లో నా ఫోన్‌కు సిగ్నల్ మేడ మీదే వస్తుంది, అందుకని రెండోది మా తమ్ముడిది.