పెట్టుబడి కంపెనీ అప్పు కోర్టుకెక్కితే వాటాదారులు ఏం చేయాలి? సమస్య - పరిష్కారం

మన షేర్లున్న పెట్టుబడి కంపెనీ తీసుకున్న అప్పో, ఇచ్చిన అప్పో గొడవలో పడిందని తెలియగానే కడపలోనైనా ప్రొద్దుటూరులోనైనా మొదట బ్రోకరుకే ఫోన్ చేస్తారు, అమ్మేయాలా ఉంచుకోవాలా అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ అప్పు డబ్బు ఎవరి చేతికి పోయిందన్నది.

సమస్య: పేపర్లో వచ్చేదాకా వివాదం సంగతే తెలియలేదు

కారణం: లిస్టెడ్ కంపెనీ బ్యాంకు వాయిదా కట్టకుండా 30 రోజులు దాటిస్తే, 30వ రోజు నుంచి 24 గంటల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఆ ప్రకటనలు ఎవరూ మనింటికి పంపరు.

పరిష్కారం: బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో కంపెనీ ప్రకటనలు చూడండి. ఏ ఆస్తి ఎవరికి తాకట్టులో ఉందో ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లోని ఛార్జీల (తాకట్టుల) పట్టిక చెబుతుంది.

సమస్య: కంపెనీ ఇచ్చిన అప్పు తిరిగి రావడం లేదు, డైరెక్టర్లు నోరు విప్పరు

కారణం: చాలాసార్లు అప్పు తీసుకున్నది ప్రమోటర్ల (కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానుల) సొంత మనుషుల కంపెనీయే. గడువు పొడిగిస్తారు, వడ్డీని అసలులో కలుపుతారు, పాత బాకీ తీర్చడానికి కొత్త అప్పిస్తారు. లెక్కల్లో అంతా బాగానే కనిపిస్తుంది. నా దృష్టిలో కోర్టు కేసు కంటే ప్రమాదం ఇదే. కేసు నలుగురికీ కనిపిస్తుంది, ఇది కనిపించదు.

పరిష్కారం: వార్షిక నివేదికలో లాభం అంకె దగ్గరే ఆగిపోకండి. ఆడిటర్ నివేదిక అనుబంధంలో 3వ అంశం తెరవండి. 90 రోజులు దాటిన బాకీలెన్ని, పాత అప్పు తీర్చడానికి అదే మనిషికి కొత్త అప్పిచ్చారా అన్నది 2020 నాటి కారో (ఆడిటర్ నివేదికలో ఏమేం రాయాలో చెప్పే) ఉత్తర్వు ప్రకారం ఆడిటర్ అక్కడ రాయాలి. దాన్ని 'సంబంధిత పక్షాల లావాదేవీలు' (ప్రమోటర్లు, డైరెక్టర్లు, వాళ్ల మనుషుల కంపెనీలతో జరిపినవి) నోట్‌తో పోల్చండి. ఒకే పేరు రెండు చోట్లా కనిపిస్తే ఏజీఎంకు (ఏటా జరిగే వాటాదారుల సమావేశానికి) ముందే రాతపూర్వకంగా అడగండి. సమావేశం వీడియోలో జరిగితే మాట్లాడేవారిగా ముందే పేరు నమోదు చేసుకుని, కడప నుంచే అడగొచ్చు. ఈ-ఓటింగ్ వదలకండి. లిస్టెడ్ కంపెనీలో ఇలాంటి పెద్ద లావాదేవీ ఓటుకొస్తే, దాన్ని ఆమోదించడానికి సంబంధిత పక్షాలు ఓటు వేయకూడదు. చిన్న వాటాదారు మాటకు బరువొచ్చేది అక్కడే.

సమస్య: అడిగినా జవాబు లేదు

కారణం: ఒంటరిగా అడగడం. పైగా అప్పు ఒప్పందం కంపెనీకీ అవతలివాళ్లకీ మధ్యది, దాని మీద మనం నేరుగా దావా వేయలేం. ప్రశ్నించగలిగేది పాలననే.

పరిష్కారం: సమాచారం దాచారనిపిస్తే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు చేయండి, కంపెనీ 21 రోజుల్లో స్పందించాలి. ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు కలిస్తే వాటాదారుల అసాధారణ సమావేశం పెట్టమని బోర్డును అడగొచ్చు. అదీ కుదరకపోతే కంపెనీల చట్టం 241వ సెక్షన్ కింద కంపెనీ కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలి. అందుకు 100 మంది సభ్యులు గానీ, సభ్యుల్లో పదో వంతు గానీ, పదో వంతు వాటా గానీ కావాలి. రిజిస్టర్డ్ ఆఫీసు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే అమరావతి బెంచ్, ముంబైలో ఉంటే ముంబై బెంచ్.