విశాఖ తీరంలో ఎత్తైన నివాస భవనాన్ని రూపొందించే విధానం

విశాఖపట్నం ఆకాశరేఖను కొండలే గీశాయి. కొత్త భవనం నగరానికి ఆనవాలుగా నిలవాలంటే డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సాగర తీర రహదారి నుంచి అది ఎలా కనిపిస్తుందో తొలి నమూనాలోనే పరిశీలించి, కొండల వరుసను మింగివేయని చోటును ఎంచుకోవాలి. ఎత్తు విషయంలో నగరంలోనే నౌకాదళ విమాన స్థావరం ఉందని మరువరాదు కనుక, ఎత్తుకు కావలసిన నిరభ్యంతర పత్రంతో పాటు తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలను కూడా స్థలం కొనకముందే తేల్చుకోవాలి.

భవనపు ఆకృతిని గాలి నిర్ణయించాలన్నది నా దృఢాభిప్రాయం. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఇక్కడి మూల గాలి వేగం (లెక్కలకు ఆధారంగా తీసుకునే వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పదునైన మూలలను గుండ్రంగా మలచి, పైకి వెళ్లేకొద్దీ అంతస్తు వైశాల్యాన్ని తగ్గిస్తే గాలి సుడులు ఒకే లయలో ఏర్పడవు, భవనపు ఊపు అదుపులో ఉంటుంది. ఆ సన్నబడే రూపమే దూరం నుంచి చూసేవారికి గుర్తుగా మిగులుతుంది. పైన అతికించే అలంకార కిరీటం కంటే ఇది మేలైనది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత నగరం రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక అల్లాడింది. ఇరవయ్యో అంతస్తులోని వృద్ధులకు, పసిపిల్లల తల్లులకు అటువంటి రోజులు ఎలా గడుస్తాయో ఊహించకుండా గీసిన నక్షాను పర్యావరణహితమని అనలేము. అందువల్ల పగటి వెలుగు, గాలి సహజంగా అందే మెట్లదారి, మోటారు ఆగినా వాలు మీద నీరిచ్చేలా మధ్య అంతస్తుల్లో ట్యాంకులు, కనీసం ఒక లిఫ్టుకూ పంపుకూ సరిపడే సౌర విద్యుత్తు, బ్యాటరీలు తప్పనిసరి. కిటికీలకు లామినేటెడ్ అద్దాలు వాడితే పగిలినా ముక్కలు ఎగిరిపడవు. అగ్నిప్రమాదం వేళ తలదాచుకునేందుకు జాతీయ భవన నిర్మాణ స్మృతి కోరే ఆశ్రయ ప్రదేశాలను ఎన్నడూ వేరే పనికి మళ్లించరాదు.

ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. గదులను అటు పెట్టి, లిఫ్టులు, మెట్లు, స్నానాల గదులను పడమటి వైపుకు నెట్టితే సాయంత్రపు ఎండను అవే అడ్డుకుంటాయి. దక్షిణానికి లోతైన బాల్కనీలు చాలు. వాలుగా వచ్చే ఉదయపు ఎండకు మాత్రం కదిలే నిలువు పలకలు కావాలి. నివాస భవనాల ఇంధన పొదుపు స్మృతి అయిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం బయటి గోడలు, కిటికీల ద్వారా లోపలికి చేరే సగటు వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు. నిండు అద్దాల గోడతో ఆ పరిమితిని అందుకోవడం చాలా కష్టం.

ఉప్పుగాలి ఇనుప చువ్వలను తినివేస్తుంది. తీర వాతావరణానికి కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 శ్రేణి కాంక్రీటును, చువ్వలపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొరను (కవరు) నిర్దేశించింది. ఉక్కు కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు, ఉప్పులోని క్లోరైడ్ల చొరబాటును తగ్గిస్తుంది, కర్బన భారమూ తక్కువ.

రాత్రి దీపాల విషయంలోనూ సంయమనం అవసరం. ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు వెలుగును చూసి దారి తప్పుతాయి కనుక, సముద్రం వైపు అలంకార దీపాలను ఆ కాలంలో పూర్తిగా ఆర్పివేసే ఏర్పాటును విద్యుత్ నక్షాలోనే చేర్చాలి.