వేసవి సెలవుల్లో చిన్న విమానం నేర్చుకోవడానికి పోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

మా నెల్లూరులో ఆదివారం వస్తే ఒక్కొక్కరికి ఒక్కో సరదా. వీఆర్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారకముందే క్రికెట్ మొదలుపెట్టేవాళ్ళున్నారు, పెన్నా ఒడ్డున గాలం వేసుకుని కూర్చునేవాళ్ళున్నారు, చలికాలంలో నేలపట్టు పోయి గూడబాతుల ఫొటోలు తీసుకొచ్చేవాళ్ళున్నారు. నా సరదా చిన్న విమానం నడపడం. ఉద్యోగం కోసం నేర్చుకోలేదు, ఇష్టం కొద్దీ నేర్చుకున్నాను. మా ఊళ్ళో నేర్పే చోటు లేదు కాబట్టి బెంగళూరు జక్కూరు, హైదరాబాద్‌ లాంటి చోట్లకి పోవాల్సిందే. ఏప్రిల్ వచ్చేసరికి కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు: ‘అన్నా, సెలవుల్లో పోదామనుకుంటున్నా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?’ అని. వాళ్ళకి ఫోన్‌లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇది మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పేదానికి బదులు కాదు. విమానంతో ఇచ్చిన పుస్తకంలోని అంకె, పక్క సీట్లో కూర్చున్న మనిషి మాట, ఎప్పుడైనా ఈ రెండే లెక్క.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ‘ఇంత దూరం వచ్చాం కదా’ అనే మాటని. రాత్రంతా బస్సులో కూర్చుని, లాడ్జిలో రూము తీసుకుని, గంటకి డబ్బు కట్టి, తెల్లవారుజామునే రన్‌వే దగ్గరికి పోయినవాడికి ‘ఈరోజు వద్దు’ అనుకోవడం చాలా కష్టం. ఒక మే నెలలో నాకూ అదే అయింది. ఆకాశం శుభ్రంగా ఉంది. దూరంగా, నైరుతి మూల, నేలకి ఆనుకుని సన్నటి నల్ల గీత ఒకటి కనిపించింది, అంతే. మా ఇన్‌స్ట్రక్టర్ అటు ఒకసారి చూసి తాళం జేబులో వేసుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముప్పావుగంట తిరక్కుండానే ఈదురుగాలి వచ్చింది. తాళ్ళతో నేలకి కట్టేసిన విమానం రెక్క ఒక జానెడు పైకి లేచి, తాడు బిగుసుకుని, మళ్ళీ దబ్బున దిగడం కళ్ళారా చూశాను. ఆ సమయంలో నేను గాల్లో ఉండాల్సినవాణ్ణి.

మన తీరం వాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. మైపాడులో వేటకు పోయే పెద్దాయన ఒకరు డీజిలు పోసి, వలలన్నీ పడవలో సర్దుకుని, నీళ్ళ అంచున కాసేపు నిలబడి ‘ఈ పొద్దు గాలి బాగలేదు నాయనా, వద్దులే’ అని వలలు దించేయడం నేను చూశాను. పోసిన డీజిలు, పోయిన రోజు కూలి ఆయన లెక్కలోకి రాలేదు. మీరూ ఇంట్లో బయల్దేరేటప్పుడే రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకుని పోండి. తిరుగు టికెట్టు అదే రోజు సాయంత్రానికి తీసుకోవద్దు. టికెట్టు తొందరపెడుతుంటే మబ్బు మంచిదిగానే కనిపిస్తుంది.

డబ్బు సంగతి. డీజీసీఏ (విమానాల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ పరీక్ష ముందు చేయించుకోండి, ఫీజు ఆ తర్వాతే కట్టండి. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందని డబ్బంతా కట్టాక తెలిస్తే ఆ ఇంట్లో వాళ్ళ బాధ చెప్పలేం. కళ్ళద్దాలు ఉంటే మాత్రం భయపడనక్కర్లేదు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కి 16 ఏళ్ళు నిండాలి. సరదాగా నడుపుకునే ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి 17 ఏళ్ళు, కనీసం 40 గంటల ఫ్లయింగ్ కావాలి. ఉద్యోగానికి పనికొచ్చే కమర్షియల్ లైసెన్స్‌కి 18 ఏళ్ళు, 200 గంటలు. సరదాకైతే ఎకరం అమ్ముకోవాల్సిన పనిలేదు. ఒకచోట నేను మొత్తం ముందే కట్టి, ఉన్న ఒక్క విమానం రిపేరులో పడితే నెలల తరబడి ఎదురుచూశాను. అందుకని స్కూల్‌కి డీజీసీఏ అనుమతి ఉందో లేదో చూసుకున్నాక, ఒక మామూలు పనిదినం పొద్దున పోయి కంచె పక్కన కూర్చోండి. ఎన్ని విమానాలు లేచాయో, ఎన్ని షెడ్డులో ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. కాగితం మీద పది విమానాలుంటాయి, మనకి కావాల్సింది గాల్లో తిరిగేవి. డబ్బు విడతలుగా కట్టి ప్రతిదానికీ రసీదు తీసుకోండి.

ఇక ఎండ. రోహిణి కార్తె ఎండ మనకి తెలుసు, కానీ ఆ ఎండ విమానాన్ని ఏం చేస్తుందో తెలియదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కకి పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కి పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కీ ఊపిరి చాలదు. మూడు దెబ్బలూ ఒకేసారి పడతాయి. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు ఉంటుందన్న అంచనాతో లెక్కలు మొదలవుతాయి. అంతకు మించి పెరిగే ఒక్కో డిగ్రీకి రన్‌వే ఎత్తుకి సుమారు 120 అడుగులు కలుపుకోవాలి. అంటే 42 డిగ్రీల ఎండలో, సముద్రం పక్కనున్న రన్‌వే మీద కూడా విమానం దాదాపు 3,200 అడుగుల కొండ మీద ఉన్నట్టే నడుచుకుంటుంది. ఎక్కువ దూరం పరుగెత్తి లేస్తుంది, లేచాక కూడా నిదానంగా ఎక్కుతుంది. బెంగళూరులో నేల ఎత్తే దాదాపు 3,000 అడుగులు కాబట్టి అక్కడ ఎండ వల్ల వచ్చే అడుగుల్ని ఆ నేల ఎత్తు మీద కలుపుకోవాలి.

బరువు కూడా దీంతోపాటే చూడాలి. ఎక్కువమంది నేర్చుకునే సెస్నా 152 రెండు సీట్ల విమానం. మనుషులు, ఇంధనం, అన్నీ కలిపి 757 కిలోలు దాటకూడదు. అందులో విమానం బరువే 500 కిలోల పైన. ఇద్దరు భారీ మనుషులు ఎక్కితే ట్యాంకులు నిండా పోయడం కుదరదు. మీ బరువు అడిగితే మొహమాటపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పొద్దు. వీలైతే తొమ్మిదింటి లోపల ఎగిరి దిగేయండి. నేలపట్టులో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గూడబాతులు పొద్దెక్కాక రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. వాటిని మోసేది నేల నుంచి లేచే వేడిగాలి. ఆ గాలే చిన్న విమానాన్ని ఎత్తి కుదేస్తుంది. పైన గద్దలు గుండ్రంగా తిరుగుతుంటే అక్కడ కుదుపూ ఉంటుంది, పక్షి తగిలే ప్రమాదమూ ఉంటుంది.

ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చూసే పనిని ఎవరికీ అప్పగించొద్దు. ముఖ్యంగా ఇంధనం. ఈ విమానాల పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. రెక్క కింద చిన్న కవాటం ఉంటుంది, దానికి అరచేతిలో పట్టే పారదర్శకమైన గ్లాసు ఆనించి నొక్కితే కాస్త పెట్రోలు దిగుతుంది. దాన్ని ఆకాశం వైపు ఎత్తి చూడాలి. రాత్రి వాన పడిన ఒక పొద్దున నేను అలా ఎత్తి చూస్తే, నీలం అడుగున గోళీ అంత బుడగ ఒకటి తెల్లగా కదులుతోంది. అది నీళ్ళు. పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది, ఇంజిన్‌కి ముందుగా అందేదీ అదే. మళ్ళీ తీశాను, మళ్ళీ చిన్న బుడగ. నాలుగోసారికి గానీ శుభ్రం కాలేదు. రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్ల డీజిల్లో నీళ్ళు కలిస్తే ఇంజిన్ ఎలా దగ్గి ఆగిపోతుందో మనవాళ్ళకి తెలుసు. అక్కడైతే మెకానిక్ వస్తాడు. గేజి ముల్లుని నమ్మకుండా, మూత తీసి పుల్లతో ఎంతుందో కొలిచి, మూత మళ్ళీ బిగించారో లేదో చేత్తో తిప్పి చూసుకోండి. వేగం చూపించే పరికరానికి గాలి అందించే సన్నటి గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. దాని తొడుగు తీశారా, లోపల ఏమైనా ఉందా అని ఒక చూపు చూడండి.

ప్రొపెల్లర్‌ని, ఇంజిన్ తాళంచెవి బయటికి తీసేసి ఉన్నా సరే, ముట్టుకోవద్దు. ఈ ఇంజిన్లకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు బ్యాటరీతో పనిలేకుండా నడుస్తాయి. వాటిని ఆపి ఉంచే తీగ ఒక్కటి లోపల తెగి ఉంటే, చేత్తో కొంచెం తిప్పినా ఇంజిన్ అందుకోవచ్చు. తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి సరిగ్గా కనపడదు కూడా. చున్నీలు, జారే కండువాలు, ఫోన్ చూస్తూ నడవడం ఆ దగ్గర్లో వద్దే వద్దు.

మీ ఒంటి సంగతి. జలుబు ఉంటే ఆరోజు మానేయండి, దిగేటప్పుడు చెవి పగిలినంత నొప్పి వస్తుంది. జలుబు మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. ఏ మాత్ర వేసుకున్నా మెడికల్ చేసిన డాక్టరుని అడగండి. మందు తాగాక 12 గంటలు గడవకుండా ఎగరకూడదన్నది చట్టం. ముందు రాత్రి చేపల పులుసుతో కడుపునిండా తినొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ పోవద్దు. రెండు ఇడ్లీలు, నీళ్ళు చాలు.

గాల్లో నేర్చుకునేవాటిలో ఒక్కటి మాత్రం ముందే మనసులో వేసుకుని పోండి. లేచిన కాసేపటికే, మూడు నాలుగు వందల అడుగుల్లో ఇంజిన్ ఆగితే, వెనక్కి తిప్పి రన్‌వే అందుకోవాలని చెయ్యి దానంతటదే పోతుంది. తిప్పొద్దు. ముక్కు కిందికి దించి, ఎదురుగా, కొంచెం అటూ ఇటూగా దొరికిన ఖాళీలో దిగాలి. ఎందుకంటే విమానాన్ని పక్కకి వంచి తిప్పుతున్నప్పుడు రెక్కకి ఇంకా ఎక్కువ వేగం కావాలి. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వంచితే స్టాల్ అయ్యే వేగం 19 శాతం, 60 డిగ్రీలు వంచితే 41 శాతం పెరుగుతుంది. స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు, రెక్క గాలిమీద పట్టు వదిలేయడం. అంత కింద పట్టు తప్పితే మళ్ళీ అందుకోవడానికి ఎత్తు ఉండదు. రోజూ రన్‌వే మీద పరుగు మొదలుపెట్టకముందు ‘ఇంజిన్ ఆగితే ఎదురుగానే’ అని పైకే అనుకోండి. నేను ఇప్పటికీ అంటాను.

చదువు సాగి కార్తీకం దాకా వచ్చినవాళ్ళకి ఇంకో మాట. ముసురు పట్టిన రోజు 25 డిగ్రీల్లో కూడా కార్బ్యురేటర్ (ఇంజిన్‌కి పోయే గాలిలో పెట్రోలు కలిపే భాగం) లోపల మంచు గడ్డకట్టొచ్చు. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు పుట్టే చలువ వల్ల గాలిలోని తడి అక్కడే మంచుగా పేరుకుంటుంది. చప్పుడులో తేడా పెద్దగా తెలియకుండానే, ఇంజిన్ తిరిగే వేగాన్ని చూపించే ముల్లు నెమ్మదిగా జారుతుంది. కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపే పిడి (కార్బ్ హీట్) లాగగానే ఇంజిన్ ఇంకా దగ్గుతుంది, ఎందుకంటే కరిగిన నీళ్ళు లోపలికి పోతాయి. భయపడి దాన్ని మళ్ళీ లోపలికి నెట్టేయొద్దు, కాసేపు ఓర్చుకుంటే తేరుకుంటుంది. ఉరుముల మబ్బు కనిపిస్తే 35, 40 కిలోమీటర్ల దూరాన ఉండాల్సిందే, పక్కనుంచి పోదామన్న ఆలోచనే వద్దు. నోటామ్‌లు (పైలట్ల కోసం ఇచ్చే హెచ్చరిక ప్రకటనలు) కూడా రోజూ చూడండి. శ్రీహరికోట నుంచి రాకెట్ పోయే సమయానికి మన తీరం మీది గగనతలం మూస్తారని అందులో ముందే వస్తుంది.

మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు ఇంట్లోవాళ్ళంతా కారు కట్టించుకుని, పులిహోర డబ్బాతో వచ్చేస్తామంటారు. నా మాట విని ఆరోజు వద్దనండి, ఇంకో రోజు పిలవండి. అమ్మానాన్న కంచె అవతల నిలబడి చూస్తుంటే ‘ఈరోజు నాకు కుదరడం లేదు’ అని చెప్పడానికి నోరు రాదు. ఇన్‌స్ట్రక్టర్ దిగిపోవడంతో డెబ్భై ఎనభై కిలోలు తగ్గి విమానం అలవాటు కంటే ముందే లేస్తుంది, దిగేటప్పుడు రన్‌వే మీద ఎక్కువసేపు తేలుతుంది. దాన్ని బలవంతంగా నేలకి నొక్కొద్దు. సరిగా కుదరకపోతే ఫుల్ పవర్ ఇచ్చి మళ్ళీ ఒక చుట్టు తిరిగి రండి, ఎన్నిసార్లయినా సరే. దిగాక తాళ్ళు కట్టి, గొట్టానికి తొడుగు వేసి, లాగ్‌బుక్ రాసి, అప్పుడు ఇంటికి ఫోన్ చేయండి.